కువైట్ జైలు గేటు బయట ఒక హెడ్ వార్డరు

జైలు ఉద్యోగికి సెలవు దొరికితే తిరుపతికి పోతాడు, లేదంటే అత్తగారింటికి పోతాడు. నేను మాత్రం నెల రోజులు సెలవు పెట్టి, సముద్రం దాటి ఇంకో జైలు చూడటానికి పోయాను. ఎనభైల నడిమి సంగతి ఇది. సెలవు చీటీ మీద సంతకం పెడుతూ మా సూపరింటెండెంటు గారు, "ఇక్కడిది చాలలేదా ఓబయ్యా?" అన్నారు. మాది రాయలసీమలో ఏ జైలని మాత్రం అడక్కండి. చెబితే ఆయనకు కోపం వస్తుంది.

నా తమ్ముడు నాగయ్య అక్కడ లోపల ఉన్నాడు. దొంగతనం చేయలేదు, ఎవరినీ కొట్టలేదు. ఇండ్లు కట్టే బేల్దారి పనికని నాలుగేళ్ల కిందట కువైట్ పోయాడు. అక్కడ మనకు పూచీ ఉండే అరబ్బు యజమానిని కఫీల్ అంటారు. ఆయన ఏటేటా ఇఖామా అనే నివాస కార్డు తిరగరాయించాలి. ఆయన మరిచిపోయాడో, మరిచిపోయినట్టు నటించాడో తెలియదు. రోడ్డు మీద తనిఖీలో కార్డు గడువు దాటిందని పట్టుకుపోయి, దేశం నుంచి వెనక్కి పంపేయాల్సిన వాళ్లను ఉంచే జైల్లో పడేశారు. ఆ మాట మా ఊరికి చేరేసరికి దానికి కొమ్ములు మొలిచాయి. వాడికి కాలు విరిగిందని ఒకరు, కాలే తీసేశారని ఇంకొకరు చెప్పారు. వాడి పెళ్లాం సుబ్బమ్మ మూడు రోజులు పొయ్యి వెలిగించలేదు. "బావా, నువ్వు కండ్లతో సూసొచ్చి సెప్తేనే నమ్ముతా" అంది. పదిహేను రోజుల విజిట్ వీసా మీద బయలుదేరాను.

నా గురించి ఒక మాట చెప్పాలి. ఇరవై నాలుగేళ్లుగా పొద్దున బ్యారక్ తలుపు తీసేటప్పుడూ సాయంత్రం వేసేటప్పుడూ తలలు లెక్కపెట్టడం నా పని. ఒక్క తల తేడా వచ్చినా ఆ పూట జైల్లో ఎవరికీ కూడు ఉండదు. నా లెక్క ఒక్కసారీ తప్పలేదు. ఆ అలవాటు ఇంటికి కూడా వచ్చింది. పెళ్లికి పోతే పంక్తిలో ఎంతమంది కూర్చున్నారో చెప్పేస్తాను. మా ఆవిడ దీన్ని జబ్బు అంటుంది, నేను నైపుణ్యం అంటాను.

బొంబాయిలో ఎక్కి, కువైట్‌లో దిగి

విమానంలో నూట డెబ్బై ఒక్కమంది ఉన్నాం, పసిబిడ్డలు కాక. నా పక్కన కూర్చున్న రాజంపేట మనిషి మూడోసారి పోతున్నాడు. అక్కడ ఏం పని చేస్తావని అడిగితే, పోయిన ప్రతిసారీ వేరే పని చేశానని చెప్పాడు. నేను ఎందుకు పోతున్నానో వినగానే తన ఉల్లిగడ్డ పెరుగన్నం డబ్బా నా వైపు జరిపాడు. జైలుకు పోయేవాడి మీద లోకానికి ఎంత జాలి ఉంటుందో ఆ రోజే తెలిసింది.

దిగాక కస్టమ్స్ వాళ్లు నా సంచి విప్పారు. రాగిపిండి, చెనిక్కాయల పొడి, మరదలు పంపిన చింతకాయ పచ్చడి. పచ్చడి చూసి ఆ కుర్ర ఆఫీసరు ముక్కు చిట్లించి, ఒక ఇనప ఊచ తెచ్చి జాడీ అడుగు దాకా కెలికాడు. మా గేటు దగ్గర నేను కూడా అచ్చం అలాగే కెలుకుతాను. ఖైదీల పెళ్లాలు పొద్దున లేచి వండి తెచ్చిన సంగటి ముద్దలను బీడీల కోసం ఎన్ని ముక్కలు చేశానో చెప్పలేను. వాళ్లు ఏ మొహంతో చూసేవాళ్లో ఆ రోజు నేను అదే మొహంతో నిలబడ్డాను.

అర్దియా

నాకు వీసా ఇప్పించింది రాయచోటి ఖాదర్‌బాషా. అర్దియాలో ఒక కార్ల గ్యారేజీలో మెకానిక్కు. నాగయ్యకు ప్రాణ స్నేహితుడు. ఆయన బావ మస్తాన్ కూడా నా తమ్ముడితో పాటే, అదే తనిఖీలో, అదే తప్పుకు పట్టుబడ్డాడు. అందువల్ల మా ఇద్దరి బాధా ఒకటే.

ఖాదర్ గదిలో ఒకదాని మీద ఒకటి ఇనప మంచాలు, ఆరుగురు మనుషులు. నాతో ఏడు. గోడకు ఏడు సంచులు, కింద పద్నాలుగు చెప్పులు. నేను ఊరుకోక అడుగులతో గది కొలిచి, మా జైలు మాన్యువల్ ప్రకారం ఈ జాగాలో నలుగురు ఖైదీలనే పెట్టాలి అన్నాను. గదంతా నవ్వులు. ఖాదర్ టీ వడపోస్తూ, "మీ జైల్లో కాలీలుంటే సెప్పన్నా, మేమంతా వస్తాం. ఖైదీలుగానే తీసుకో, జీతమొద్దు" అన్నాడు.

తిండికి మాత్రం వంక పెట్టలేను. యాభై ఫిల్సులకు ఖుబ్బూసు రొట్టెల కట్ట వస్తుంది, వేడి మీద తింటే మెత్తగా ఉంటుంది. చల్లారితే జైలు రొట్టె కూడా దాని ముందు నయం. దాంట్లోకి వాళ్లు టమాటా పప్పు వండారు. నేను రాగిపిండి తీయగానే ఆరుగురూ పొయ్యి దగ్గరికి వచ్చారు. వాళ్లలో నాలుగేళ్ల తర్వాత సంగటి తిన్న ఒకాయన గోడ వైపు తిరిగి కూర్చుని తిన్నాడు.

షర్క్

మూడో రోజు ఖాదర్ నన్ను షర్క్ చేపల మార్కెట్‌కు తీసుకుపోయాడు. చేపల కోసం కాదు. అతని అక్క హుస్సేన్‌బీ, అంటే మస్తాన్ భార్య, ఒక కువైటీ ఇంట్లో వంట పని చేస్తుంది. ఆ ఇంటావిడ చేపలు కొనడానికి వచ్చేటప్పుడు బుట్ట మోయడానికి ఈమెను వెంట తెస్తుంది.

ఆమె వచ్చేలోగా నేనూ ఒక చేప బేరం చేశాను. దినారుకు వంద ఫిల్సులనుకున్నాను, మన రూపాయికి వంద పైసల్లాగా. వెయ్యి అని తెలియదు. ఆ లెక్కన ఏదో ఇచ్చి, ఇరానీ ముసలాయన ఎందుకు అలా చూస్తున్నాడో తెలియక, తక్కువ ధరకు కొట్టేశానని మురిసిపోయాను. ఆయన నా చేతిలోంచి చేపను మర్యాదగా వెనక్కి తీసుకుని, దాని బదులు రెండు రొయ్యలు పెట్టాడు. ఖాదర్ ఈ కథను గదిలో వారం రోజులు చెప్పాడు.

హుస్సేన్‌బీ చిన్న మనిషి, నల్లబట్ట కింద రాయచోటి మాటే. మామా, అంటే ఆ ఇంటావిడ, నాలుగు కొట్లు దాటి ముందుకు పోయినప్పుడు ఐదు నిమిషాలు మాట్లాడింది. మామా మంచిదే, సోమవారం పూట సగం రోజు వదులుతానంది. జైలు వాళ్లు బంధువులను చూడనిచ్చేది సోమవారమే. కానీ ఇఖామా కార్డు మాత్రం చేతికివ్వదట. కార్డుతో పోతే మొగుడితో పాటు ఈమె కూడా తిరిగి రాదేమోనని ఆవిడకు భయం. కార్డు లేకపోతే గేటు దగ్గర పేరు రాసుకోరు. పెళ్లాం ఈ దేశంలోనే ఉంటే బావమరిది పేరూ రాసుకోరట. మస్తాన్‌ను ఈ నెలలోనే విమానం ఎక్కిస్తారు. ఈమెకు ఇంకా రెండేళ్ల ఒప్పందం ఉంది. "ఒక్కతూరి సూసుకుంటే సాలన్నా, మాట్లాడకపోయినా పర్లేదు" అని బుట్ట ఎత్తుకుని మామా వెనక పరిగెత్తింది.

మొదటి సోమవారం

మా జైలు గేటు దగ్గర రెండు పెద్ద తలుపులు, మధ్యలో చిన్న తలుపు. ఇక్కడ పొడవాటి రేకుల షెడ్డు, దానికి అడ్డంగా రెండు వరసల ఇనప జాలి. అవతల వాళ్లు, ఇవతల మనం. మా ఊళ్లో ములాఖత్ అంటే ఏడుపులూ తిట్లూ పసిపిల్లల గోలా. ఇక్కడ పది దేశాల మనుషులు చీటీలు పట్టుకుని చెట్టు నీడ కూడా లేని చోట నిశ్శబ్దంగా నిలబడ్డారు. నేను జీవితంలో మొదటిసారి ఆ వరసలో నిలబడ్డాను. లోపలి వైపు నుంచి చూస్తే ఆ వరస ఎప్పుడూ ఇంత పొడవుగా కనిపించలేదు.

నా ముందు ఒక ఎర్రటి అమెరికా మనిషి ఉన్నాడు. టెక్సస్ అన్నాడు. మంగఫ్ దగ్గర ఒక కంపెనీ క్యాంపులో ఫోర్మన్. వాళ్ల గోవా వంటవాణ్ణి కూడా ఇలాగే పట్టుకున్నారట. క్యాంపులో పది రోజులుగా ఉడికించిన గుడ్లే తింటున్నామని, తను స్నేహం కొద్దీ కాదు, ఆకలి కొద్దీ వచ్చానని చెప్పాడు.

గేటు దగ్గరి హవల్దారుకు బొద్దు మీసాలు, చేతిలో జపమాల. ఇరవై రెండు పేర్లు రాసుకున్నాడు. హుస్సేన్‌బీ పేరు రాసుకోలేదు. ఆమె అయినా షెడ్డు చివర ఒక స్తంభం పక్కన నిలబడింది. లోపలి నుంచి మనుషులు రావడం మొదలైంది. వాళ్లు పేర్లు పిలుస్తారు గానీ తలలు లెక్కపెట్టరు. నాకు ఒళ్లు మండింది. ఇదేం డ్యూటీ అనుకుంటూ నేనే లెక్క మొదలుపెట్టాను. పదిహేడోవాడు నాగయ్య. చివర ఒక పొడుగాటి మనిషి తల వంచుకుని వచ్చి స్తంభం వైపు నడిచాడు. నా నోటి నుంచి ఉర్దూలో గట్టిగా ఊడిపడింది: "తేయీస్. ఇరవై మూడు."

హవల్దారు జపమాల ఆగింది. లెక్కపెట్టాడు, మళ్లీ లెక్కపెట్టాడు. పొడుగాటి మనిషిని పట్టుకున్నారు. అతనే మస్తాన్. పెళ్లాం వచ్చిందని లోపల ఎవరో చెబితే పిలవకుండానే వరసలో దూరాడు. హవల్దారు అందరినీ వెనక్కి తోలేసి ఆ రోజుకు ఖలాస్ అన్నాడు. ఇరవై రెండు కుటుంబాలు నన్ను చూశాయి. నాగయ్యవైపు తిరిగేసరికి వాడి వీపు మాత్రం కనిపించింది.

అంతటితో అయితే బాగుండేది. హవల్దారు నా దగ్గరికి వచ్చి, వచ్చీరాని ఉర్దూలో నేనెవరని అడిగాడు. ఇండియాలో హెడ్ వార్డరునని తెలిసి వీపు తట్టాడు. కుర్చీ తెప్పించాడు. చిన్న గాజు గ్లాసులో టీ తెప్పించాడు. అందరూ తలలు వంచుకుని ఎండలో పోతుంటే నేను ఫ్యాను కింద కూర్చుని టీ తాగాను. సిగ్గుతో చచ్చిపోయాను, నిజమే. రెండో గ్లాసు కూడా తాగాను, అదీ నిజమే.

బస్సు కోసం నిలబడ్డప్పుడు హుస్సేన్‌బీ ఒక్క మాట కూడా గట్టిగా అనలేదు. "నీ తప్పేముందిలే అన్నా. ఆయప్ప పొడుగు, యాడ దూరినా అవుపడతాడు" అంది. తిట్టి ఉంటే నాకు కొంచెం తేలికగా ఉండేది.

మంగఫ్

నాగయ్య బట్టలు మంగఫ్‌లో వాడు పని చేసిన చోటే ఉండిపోయాయి. టెక్సస్ ఆయన తన బండిలో తీసుకుపోతానన్నాడు. ఆయనకు నా మీద కోపం లేదు, వంటవాణ్ణి చూడలేకపోయినా. దారి పొడవునా ఎడారి, దూరంగా గ్యాసు మంటలు. నా ఇంగ్లీషు జైలు రిజిస్టర్ల వరకే వస్తుంది, అయినా సంభాషణకు అదే సరిపోయింది, ఎందుకంటే ఆయన తండ్రి కూడా జైలు గార్డే.

వాళ్ల దేశంలో రోజుకు నాలుగైదుసార్లు లెక్క చూస్తారట. సాయంత్రం లెక్కకు ప్రతి ఖైదీ మంచం పక్కన నిలబడాలట. నేను గౌరవంగా తలూపాను. ఆయన చిన్నప్పుడు వాళ్ల చుట్టుపక్కల ఒక్క జైలే ఉండేది. ఇప్పుడు మూడు, నాలుగోది కడుతున్నారు. ఫ్యాక్టరీ మూతపడ్డ ఊరివాళ్లు, మాకు జైలు ఇవ్వండి, ఉద్యోగాలొస్తాయని అర్జీలు పెట్టుకుంటున్నారట. మన దగ్గర రైలు కోసమో, కాలేజీ కోసమో ధర్నా చేస్తారు గానీ జైలు కోసం చేయగా నేను వినలేదు. బడిలో తనతో చదివిన వాళ్లలో సగం మంది ఊచలకు ఇటు, సగం మంది అటు ఉన్నారని, ఇటుకూ అటుకూ తేడా చాలాసార్లు చర్మం రంగేనని అన్నాడు. ఆయన నవ్వుతూనే చెప్పాడు, నేను మాత్రం నవ్వలేకపోయాను.

ఆయన తమ్ముడు గంజాయి కేసులో పదిహేనేళ్ల శిక్ష పడి జైలు పొలంలో పత్తి ఏరుతున్నాడట. పదిహేనేళ్లా అని మళ్లీ అడిగాను. మా దగ్గర మనిషిని నరికినవాడు కూడా మంచి నడతకు తగ్గింపులు పోను అంతకంటే ముందే ఇంటికి పోతాడు. తమ్ముణ్ణి మొదట తండ్రి పనిచేసే జైలుకే పంపారట. తండ్రి ఒక్క వారం పని చేసి, వేరే చోటికి మార్పించుకున్నాడు. "ఎవరి కొడుకునైనా లెక్కపెట్టగలను, నా కొడుకును అంకెగా పలకలేను అన్నాడు మా నాన్న" అని చెప్పి, టెక్సస్ ఆయన రోడ్డు వైపే చూస్తూ బండి నడిపాడు.

సోమవారం నేను మనసులో పదిహేడు అని పలికింది ఎవరినో అప్పుడు తట్టింది. క్యాంపు దగ్గర ఆయన పెట్టిన ఉడికించిన గుడ్లు రెండు తిని, తమ్ముడి పెట్టె ఎత్తుకుని బస్సులో అర్దియాకు వచ్చేశాను.

రెండో సోమవారం

మస్తాన్‌కు టికెట్ వచ్చేసింది, బుధవారం ప్రయాణం. నాగయ్య పాస్‌పోర్టు కఫీల్ ఇచ్చాడు గానీ కాగితాలకు ఇంకో నెల పడుతుందన్నారు. నా వీసా శుక్రవారంతో సరి. కాబట్టి హుస్సేన్‌బీకీ ఇదే ఆఖరు, నాకూ ఇదే ఆఖరు. మామా ఈసారి కూడా సెలవిచ్చింది, కార్డివ్వలేదు.

పొద్దున ఖాదర్ చాలాసేపు గొంతు సవరించుకుని చెప్పాడు. "అన్నా, తప్పుగా అనుకోవాకు. బావ ఈ పొద్దు గూడా వరసలో దూరతాడు. నువ్వు లెక్కపెట్టాకు. లెక్క వచ్చిందంటే నోట్లో బట్ట కుక్కుకో." అంత మర్యాదగా నన్ను ఎవరూ నోరు మూసుకోమనలేదు. ఒట్టు వేశాను.

నోరు మూసుకోవడం సులభమే అనుకున్నాను. గేటు దగ్గర హవల్దారు నన్ను చూడగానే మొహం విప్పాడు. కుర్చీ వచ్చింది, టీ వచ్చింది. పేర్ల చీటీ నా కళ్ల ముందు ఆడించి, ఈ రోజూ ఇరవై రెండే, నువ్వు లెక్కపెట్టి చెప్పు రయీస్, నేను రాసుకుంటా అన్నాడు, రయీస్ అంటే అక్కడ పెద్దాయన. తన పక్కన నిలబెట్టుకున్నాడు. వరస వెనక దూరంగా నిలబడ్డ ఖాదర్ మొహంలో నెత్తురు చుక్క లేదు. హుస్సేన్‌బీ ఆ స్తంభం దగ్గరే ఉంది. టెక్సస్ ఆయన టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు.

వాళ్లు వచ్చారు. ఈసారి మస్తాన్ చివర రాలేదు. తెలివిగా మధ్యలో, మోకాళ్లు వంచి, ఇద్దరు బెంగాలీల నడుమ నడిచాడు. దేవుడు ఆ మనిషికి అంత పొడుగు ఎందుకిచ్చాడో. లెక్కపెట్టకూడదనుకున్నా నా కళ్లు ఆగలేదు. పదకొండు, పన్నెండు, మస్తాన్ పదమూడు, నాగయ్య పందొమ్మిది. ఆఖరివాడు, ఇరవై మూడోవాడు, షెడ్డులోకి వచ్చాక తలుపు వేశారు.

కిత్నా, ఎంతమంది, అన్నాడు హవల్దారు.

నా ఒంటి మీద యూనిఫాం లేదు గానీ చెమట మాత్రం డ్యూటీలో పట్టినట్టే పట్టింది. తప్పు చెప్పి దొరికితే మళ్లీ అందరినీ వెనక్కి తోలుతారు. తమ్ముడి మొహం చూడకుండానే విమానం ఎక్కాలి, మరదలికి ఏం చెప్పాలి? నిజం చెప్పినా అదే జరుగుతుంది. పైగా ఇరవై నాలుగేళ్లలో తప్పు లెక్క పలికిన నోరు కాదు ఇది. నాలుక ఒక పక్కకు, నేను ఒక పక్కకు లాగాం.

"బాయీస్. ఇరవై రెండు" అన్నాను.

హవల్దారు నా మొహం చూశాడు. తర్వాత షెడ్డు వైపు చూశాడు. స్తంభం దగ్గర మస్తాన్ తల అందరి మీద జానెడు పైకి కనిపిస్తూనే ఉంది. జపమాలలో రెండు పూసలు జరిపి, కాగితం మీద ఏదో రాసుకుని, యల్లా, ఇక పో, పది నిమిషాలు, అని నన్ను జాలి వైపు పంపాడు. ఆయనకు తెలిసిందో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. ఆయన కూడా ఉద్యోగస్తుడే.

హుస్సేన్‌బీ మాట్లాడకపోయినా పర్లేదన్న మనిషి కదా, ఊపిరి తీసుకోకుండా మాట్లాడుతోంది. తను పంపిన గళ్ల చొక్కా ఎందుకు వేసుకోలేదని మొగుణ్ణి నిలదీస్తోంది. నాగయ్యకిచ్చానని అతను చెప్పాడు. చూస్తే మా వాడి ఒంటి మీద మోకాళ్ల దాకా గళ్ల చొక్కా.

నాగయ్య చిక్కాడు. కాళ్లు రెండూ ఉన్నాయి. అయినా మరదలికి మాటిచ్చాను కాబట్టి జాలి అవతల అటు నాలుగడుగులు, ఇటు నాలుగడుగులు నడిపించాను. వాడు నడుస్తూ, పెండ్లిచూపులా ఇవి అని విసుక్కున్నాడు. నాకు ఏడుపు వచ్చింది, ఏడ్చాను. సుబ్బమ్మ సంగతులు, పచ్చడి సంగతి, చేప బదులు రొయ్యలు వచ్చిన సంగతి చెప్పాను. పోయిన సోమవారం సంగతి మాత్రం ఎత్తలేదు, వాడూ ఎత్తలేదు.

టైమైందని విజిల్ వేశారు. వాడు జాలికి మొహం ఆనించి మెల్లగా అడిగాడు.

"ఈ పొద్దు ఎంతమందిమొచ్చినామన్నా?"

"ఇరవై రెండు."

నాగయ్య వెనక్కి తిరిగి షెడ్డు ఈ చివర నుంచి ఆ చివర దాకా చూశాడు. స్తంభం దగ్గర హుస్సేన్‌బీ జాలి సందులోంచి వేలు పెట్టి ఇంకా ఏదో చెబుతోంది, మస్తాన్ వంగి వింటున్నాడు. వాడు మళ్లీ నా వైపు తిరిగేసరికి కళ్లలో నీళ్లు, మూతి మీద నవ్వు.

"నీకు వయసైందిన్నా" అన్నాడు. "నేనూరికి వచ్చినాక కండ్లద్దాలు కొనిస్తాలే."